ఆటోమేషన్ కంపెనీలో ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రంగంలోకి వద్దామనుకునేవాళ్ళు, కొత్తగా చేరి బెంబేలెత్తినవాళ్ళు, సాఫ్ట్‌వేర్‌లో ఉండి "ఇంతకీ నువ్వు చేసేదేంటి?" అని అడిగే స్నేహితులు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. నేను ఎక్కువ కాలం ప్రాజెక్టులు చేసే కంపెనీల్లో, అందులోనూ సైట్ మీదే గడిపాను. అందుకే జవాబులు కాస్త సైట్ వైపు మొగ్గితే ఏమీ అనుకోకండి.

ఆటోమేషన్ కంపెనీ అంటే ఏం చేసే కంపెనీ?

ట్యాంకు నిండితే పంపు ఆగాలి. సీసా వచ్చి నిలబడితేనే నాజిల్ దిగాలి. వేడి ఎక్కువైతే వాల్వ్ మూసుకోవాలి. ఇవన్నీ మనిషి పక్కనే నిలబడి స్విచ్చి నొక్కకుండా జరిగేలా చేయడమే పని. అయితే ఈ ఒక్క పేరు కింద నాలుగు రకాల కొలువులున్నాయి. ఏది ఏదో తెలియకుండా చేరితే తర్వాత బాధపడతారు.

సీమెన్స్, రాక్‌వెల్, ఏబీబీ, ష్నైడర్, మిత్సుబిషి, యోకొగావా లాంటివి కంట్రోలర్లు, మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లు, మీటర్లు తయారుచేసే కంపెనీలు. అక్కడ ఒక వస్తువు గురించి లోతుగా తెలుస్తుంది. ఆ వస్తువులు కొని, ప్యానెల్‌లో బిగించి, ప్రోగ్రామ్ రాసి, ఫ్యాక్టరీలో నడిపించి అప్పజెప్పేవాళ్ళు సిస్టమ్ ఇంటిగ్రేటర్లు. ప్యాకింగ్ మెషీనో ప్రెస్సో, ఒకే రకాన్ని పదేపదే తయారుచేసి అమ్మేవాళ్ళు మెషీన్ బిల్డర్లు. ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఉండి ఏళ్ళ తరబడి ఒకే ప్లాంటును చూసుకునేవాళ్ళు నాలుగో రకం. తక్కువ కాలంలో ఎక్కువ నేర్పేది ఇంటిగ్రేటర్ ఉద్యోగం. ఒళ్ళు హూనం చేసేదీ అదే.

పీఎల్‌సీ, పీఎల్‌సీ అంటారు. ఏమిటది?

ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. ఫ్యాక్టరీ దుమ్మును, వేడిని, అదురును తట్టుకుని ఏళ్ళ తరబడి ఆగకుండా పనిచేసే చిన్న కంప్యూటర్. ఇన్‌పుట్లు చదువుతుంది, ప్రోగ్రామ్ నడుపుతుంది, అవుట్‌పుట్లు రాస్తుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ చుట్టును స్కాన్ అంటాం. సాధారణంగా కొన్ని మిల్లీసెకన్ల నుంచి కొన్ని పదుల మిల్లీసెకన్లలో ఒక స్కాన్ అయిపోతుంది.

ఇది రాకముందు అల్మారాల నిండా రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చిలు ఉండేవి. కారు మోడల్ మారితే ఆ వైరింగ్ అంతా పీకి మళ్ళీ కట్టాల్సి వచ్చేది. 1968లో జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగం ఈ బాధ పోగొట్టే పెట్టె కావాలని అడిగింది. డిక్ మార్లీ బృందం తయారుచేసిన మోడికాన్ 084 అలా పుట్టింది. వాళ్ళ కంపెనీలో అది 84వ ప్రాజెక్టు కాబట్టి ఆ అంకె. ప్రోగ్రామ్‌ను రిలే డ్రాయింగ్‌లా కనిపించేలా పెట్టడంలో తెలివంతా ఉంది. అప్పటిదాకా రిలేలు చూసుకున్న ఎలక్ట్రీషియనే దాన్నీ చదవగలిగాడు. నేటి ల్యాడర్ లాజిక్ ఆ డ్రాయింగ్ వారసత్వమే. అర్ధరాత్రి ప్లాంటు ఆగితే ప్రోగ్రామ్ తెరిచి చూసేది దాన్ని రాసినవాడు కాదు, షిఫ్టులో ఉన్న ఎలక్ట్రీషియన్. ఈ సంగతి గుర్తుపెట్టుకుని రాసేవాళ్ళు ఇప్పటికీ తక్కువే.

పీఎల్‌సీకీ డీసీఎస్‌కీ తేడా?

విడివిడి మెషీన్లకు, వేగమైన పనులకు పీఎల్‌సీ. రిఫైనరీ, విద్యుత్ కేంద్రం లాంటి పెద్ద ప్రాసెస్ ప్లాంటు మొత్తాన్ని ఒకే వ్యవస్థగా నడపడానికి డీసీఎస్, అంటే డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టమ్. 1975లో హనీవెల్, యోకొగావా రెండూ తమ తమ డీసీఎస్‌లు తెచ్చాయి. ఇప్పుడు రెండింటి మధ్య గీత బాగా చెరిగిపోయింది. ఇంటర్వ్యూలో అడుగుతారు, ఈ మాత్రం చెబితే చాలు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికీ దీనికీ ఏమిటంత తేడా?

మా ప్రోగ్రామ్ తప్పైతే ఏదో ఒకటి కదులుతుంది. కదలకూడనిది కదులుతుంది, లేదా ఆగాల్సింది ఆగదు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చి ఊరుకోవు. నేను చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన, అవుట్‌పుట్ ఆన్ చేసే ప్రతిసారీ తెర వైపు కాకుండా మెషీన్ వైపు చూడమనేవారు. చూపు తెర మీద పెట్టి నొక్కితే చెయ్యి మీద కొట్టినంత పని చేసేవారు.

ఇంకో తేడా వయసు. ఇవాళ రాసిన ప్రోగ్రామ్ ఇరవై ఏళ్ళు నడవచ్చు, నడుస్తుంది కూడా. మధ్యలో ముట్టుకోనివ్వరు. నడుస్తున్న ప్లాంటులో ఒక్క లైను మార్చాలన్నా నలుగురి సంతకాలు కావాలి. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాళ్ళకు ఇది మొదట్లో చాదస్తంలా అనిపిస్తుంది. ఒకసారి ప్లాంటు తమ చేతి మీద ట్రిప్ అయ్యాక, అంటే ఉన్నట్టుండి ఆగిపోయాక అనిపించదు.

రోజంతా ఏం చేస్తారు?

అన్ని రోజులూ ఒకేలా ఉండవు. ప్రాజెక్టు ఏ దశలో ఉందన్న దాన్నిబట్టి రోజు ఉంటుంది.

మొదటి దశ అంతా కాగితాలు. పైపులు, పరికరాలు, లూపులు (పరికరం నుంచి కంట్రోలర్ దాకా ఒక్కో సిగ్నల్ దారి) చూపించే పీ అండ్ ఐడీ డ్రాయింగ్ చదివి, ఏ సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుందో ఐఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) లిస్టు తయారుచేయాలి. ఏది జరిగితే ఏది ఆగాలో చెప్పే కాజ్ అండ్ ఎఫెక్ట్ పట్టిక రాయాలి. చెప్పుకోవడానికి ఇంజినీరింగ్, చేతుల్లో ఉండేది మాత్రం ఎక్సెల్. కొత్తవాళ్ళు నీరసపడేది ఇక్కడే. కానీ ఇక్కడ ఒక గడి తప్పు పడితే ఆరు నెలల తర్వాత సైట్‌లో ఒక రోజు పోతుంది.

తర్వాత ప్రోగ్రామ్, ఆపరేటర్ చూసే స్క్రీన్లు. ఆ పైన ఫ్యాట్, అంటే కస్టమర్‌ని మన దగ్గరికి పిలిచి ప్యానెల్‌నీ ప్రోగ్రామ్‌నీ చూపించే పరీక్ష. నిజమైన మోటార్లు ఉండవు కాబట్టి సిమ్యులేషన్‌తో నడిపిస్తాం. ఫ్యాట్‌లో కస్టమర్ ఎంత గుచ్చి గుచ్చి అడిగితే అంత మంచిది. అక్కడ "అన్నీ బాగున్నాయి" అని తలూపినవాళ్ళే సైట్‌కి వచ్చాక "ఇది ఇలా కాదే" అంటారు.

ఆ తర్వాత సైట్.

సైట్‌లో పని ఎలా ఉంటుంది?

చెవులు గళ్ళుపడే చోటు. హెల్మెట్, సేఫ్టీ షూస్, చేతిలో వాకీటాకీ. రోజు పర్మిట్‌తో, అంటే పని మొదలుపెట్టడానికి ప్లాంటు వాళ్ళిచ్చే అనుమతి కాగితంతో మొదలవుతుంది. పర్మిట్ మీద సంతకం పడేదాకా ఏదీ ముట్టుకోకూడదు. ఆ సంతకం పెట్టాల్సిన ఆయన ఎక్కడున్నారో వెతకడంలోనే ఒక పూట పోయిన రోజులున్నాయి.

సైట్ మీద అసలు పని లూప్ చెక్. ఫీల్డ్‌లో ఒకరు, కంట్రోల్ రూమ్‌లో ఒకరు. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు ట్రాన్స్‌మిటర్ (కొలిచినదాన్ని కరెంటు సిగ్నల్‌గా పంపే పరికరం) దగ్గర 4 మిల్లీయాంపులు ఇచ్చి "నాలుగు" అంటారు, లోపలున్నవాళ్ళు తెర చూసి "సున్నా శాతం" అంటారు. తర్వాత 8, 12, 16, 20. ట్యాంకు ఎత్తు 10 మీటర్లయితే 12 దగ్గర సరిగ్గా 5 మీటర్లు చూపించాలి. ఒక మోస్తరు ప్లాంటులో ఇలాంటి సిగ్నళ్ళు వేలల్లో ఉంటాయి. ఒక్కోటీ ఇలాగే.

సున్నాతో కాకుండా నాలుగుతో ఎందుకు మొదలుపెట్టారని కొత్తవాళ్ళు అడుగుతారు. ట్యాంకు ఖాళీగా ఉన్నా లూప్‌లో 4 మిల్లీయాంపులు పారుతూనే ఉంటాయి. వైరు తెగితేనే సున్నా అవుతుంది. అంటే "ఖాళీ"కీ "తెగిపోయింది"కీ తేడా తెలుస్తుంది. పైగా ఆ నాలుగుతోనే ట్రాన్స్‌మిటర్ తన కరెంటు తాను తీసుకుని బతుకుతుంది. రెండు వైర్లతో రెండు పనులు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

లూప్ చెక్‌లో బయటపడేవి చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ప్లస్ మైనస్ తారుమారు. వైరు చివర తొడిగే ఫెర్రుల్ మీద ఒక నంబరు, డ్రాయింగ్‌లో ఇంకోటి. టెర్మినల్ స్క్రూ రాగి మీద కాకుండా పైనున్న ప్లాస్టిక్ మీద బిగించేశారు, చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. ట్రాన్స్‌మిటర్‌లో రేంజి 6 మీటర్లు, స్క్రీన్‌లో 10 మీటర్లు. కేబుల్ చుట్టూ ఉండే షీల్డును రెండు చివర్లా ఎర్త్ చేశారు, రీడింగ్ వణుకుతోంది. వీటిలో ఏదీ పాఠ్యపుస్తకంలో కఠినమైన అధ్యాయం కాదు. ఓపిక మాత్రం కావాలి.

లూపులన్నీ అయ్యాక మోటార్లు ఒక్కొక్కటీ తిప్పి చూడటం, ముందు నీళ్ళతో నడపడం, చివరికి అసలు సరుకుతో నడపడం. మొదటిసారి మొత్తం లైన్‌ని ఆటోమేటిక్‌లో పెట్టి స్టార్ట్ నొక్కినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళంతా మాటలు ఆపేస్తారు. ఎన్ని ప్రాజెక్టులు చేసినా నాకు ఆ క్షణంలో అరచేతులు తడుస్తాయి.

ఇందులో ఎప్పుడూ టెన్షనేనట, నిజమేనా?

నిజం. ఎందుకో కూడా చెబుతాను. మా వరుస చివర. సివిల్ వాళ్ళు పునాది వేయాలి, దాని మీద మెకానికల్ వాళ్ళు మెషీన్ నిలబెట్టాలి, పైపులు రావాలి, ఎలక్ట్రికల్ వాళ్ళు కేబుళ్ళు లాగాలి, కరెంటు రావాలి. అప్పుడు మేం. ముందున్నవాళ్ళు తలా రెండు వారాలు ఆలస్యం చేస్తారు. ప్రారంభం తేదీ మాత్రం కదలదు. మాకని రాసిపెట్టిన ఎనిమిది వారాలు కరిగి పది రోజులవుతాయి. అందరి ఆలస్యమూ మా ఆలస్యంలా కనిపిస్తుంది. పై అధికారి సైట్‌కి వచ్చినప్పుడు ఇంకా పనిచేస్తూ కనబడేది మేమే కదా.

దీనికి నేను చూసిన మందు ఒకటే. రోజూ సాయంత్రం రెండు లైన్ల మెయిల్. "ఈ రోజు పదహారు లూపులకు సిద్ధంగా ఉన్నాం, నాలుగు లూపులకే కేబుల్ వచ్చింది." తిట్టు లేదు, ఫిర్యాదు లేదు, తేదీ మాత్రం ఉంటుంది. నెల తర్వాత మీటింగ్‌లో అది మీ తరఫున మాట్లాడుతుంది.

ఏది ఆగినా "ప్రోగ్రామ్ తప్పు" అంటారట?

అంటారు. బేరింగ్ పట్టేసినా అంటారు. ఎందుకంటే ఏం జరిగిందో తెర మీద కనబడేది మా పరికరంలోనే. వార్త మోసుకొచ్చినవాడిదే తప్పన్నట్టు ఉంటుంది.

ఒత్తిడిలో మనమూ దాన్ని నమ్మేయడం అసలు ప్రమాదం. నేను చేసిన పొరపాటే చెబుతాను. ఒక ప్యాకింగ్ లైన్‌లో పెట్టెను నెట్టే సిలిండర్ గంటకోసారి ఫాల్ట్ చూపించి లైన్ ఆపేది. రెండు సెకన్లలో చివరికి చేరినట్టు సిగ్నల్ రాకపోతే ఫాల్ట్ వచ్చేలా టైమర్ ఉంది. చుట్టూ పదిమంది నిలబడ్డారు. రెండును నాలుగు చేశాను. ఫాల్ట్ పోయింది, అందరూ భుజం తట్టారు. అసలు జరుగుతున్నదేమిటంటే, సిలిండర్‌కి బిగించిన రీడ్ స్విచ్ (చివరికి చేరిందని సిగ్నల్ ఇచ్చేది) అదురుకు వదులై కొద్దికొద్దిగా పక్కకు జరుగుతోంది. నాలుగో రోజు పూర్తిగా జారిపోయింది. ఈసారి లైన్ ఆగడానికి నాలుగు సెకన్లు పట్టింది. ఆ లోపల వెనకాల పెట్టెలు ఒకదాని మీదకొకటి ఎక్కి గైడు వంగిపోయింది. స్క్రూడ్రైవర్‌తో రెండు నిమిషాల పని. నేను దాన్ని ప్రోగ్రామ్‌తో కప్పిపెట్టాను. అప్పటినుంచి టైమర్ పెంచే ముందు ప్యానెల్ వదిలి మెషీన్ దగ్గరికి నడుస్తాను.

పీఐడీ ట్యూనింగ్ కూడా ఇంతే. వేడినో మట్టాన్నో అనుకున్న చోట నిలబెట్టే లెక్కలో అంకెలు సరిచేయడమే అది. లూప్ ఊగుతోందంటే అంకెలు మార్చడానికి ముందు లూప్‌ని మాన్యువల్‌లో పెట్టి వాల్వ్ సరిగ్గా కదులుతోందో లేదో చూడండి. పట్టేసిన వాల్వ్‌ని ఏ అంకెలూ బాగుచేయలేవు.

ప్రమాదకరమైన ఉద్యోగమా?

జాగ్రత్త తప్పితే అవును. షాక్ కొడుతుందని అందరికీ తెలుసు. తెలియనివి వేరే ఉన్నాయి. స్విచ్చి ఆపేసినా గొట్టాల్లో గాలి ఒత్తిడి మిగిలి ఉంటుంది, సిలిండర్ ఒక్కసారిగా కొడుతుంది. 400 వోల్టుల డ్రైవ్‌కి కరెంటు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్ల మీద సుమారు 560 వోల్టుల డీసీ కాసేపు ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవ్ మీద లేబుల్‌లో రాసి ఉంటుంది. ఆగండి, ఆ తర్వాత మీటర్ పెట్టి చూడండి. ఆపేసిన స్విచ్చికి మీ తాళం మీరే వేసుకోండి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి. ఇంకొకరి తాళాన్ని నమ్మి చెయ్యి పెట్టొద్దు.

ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌లో మామూలుగా మూసి ఉండే కాంటాక్ట్ వాడతారు, ఎప్పుడూ కరెంటు పారుతూ ఉంటుంది. బటన్ నొక్కినా, వైరు తెగినా ఫలితం ఒకటే: మెషీన్ ఆగుతుంది. ఈ సూత్రం అర్థమైతే సేఫ్టీలో సగం అర్థమైనట్టే. మిగతా సగానికి ఐఈసీ 61508, ఐఎస్‌ఓ 13849 లాంటి ప్రమాణాలున్నాయి. ఐఈసీ 61508లో రక్షణ ఎంత నమ్మకంగా ఉండాలో చెప్పే సిల్ 1 నుంచి సిల్ 4 దాకా మెట్లుంటాయి. ఎప్పుడో ఒకసారి మాత్రమే పనిచేయాల్సి వచ్చే రక్షణ విషయంలో సిల్ 2 అంటే ప్రమాదాన్ని కనీసం 100 రెట్లు, 1000 రెట్ల దాకా తగ్గించాలని లెక్క.

కానీ మీకు ఎదురయ్యే అసలు పరీక్ష లెక్కల్లో ఉండదు. రాత్రి రెండింటికి ఎవరో వచ్చి "ఈ గేటు స్విచ్‌కి ఒక జంపర్ వేసెయ్యండి, పొద్దున చూసుకుందాం" అంటారు. జంపర్ అంటే ఆ స్విచ్‌ని తప్పించి వేసే వైరు ముక్క. వేయకండి. బైపాస్ తప్పదంటే రాతపూర్వకంగా, బాధ్యుల సంతకంతో, తీసేసే సమయంతో సహా ఉండాలి. కాగితం అడిగిన వెంటనే ఆ జంపర్ అవసరం చాలాసార్లు దానంతటదే పోతుంది. ప్రోగ్రామ్‌లో ఫోర్స్ చేసిన, అంటే బలవంతంగా ఆన్‌లోనో ఆఫ్‌లోనో పట్టి ఉంచిన బిట్లకూ ఇదే వర్తిస్తుంది. ఫోర్స్ పెట్టి మర్చిపోయి సైట్ వదిలినవాడికి రైల్లో నిద్ర పట్టదు.

ఏం చదివి ఉండాలి? ఏం నేర్చుకోవాలి?

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్, మెకట్రానిక్స్, ఏదైనా పనికొస్తుంది. డిప్లొమావాళ్ళు ఇంజినీర్లకు పాఠాలు చెప్పడం ఇక్కడ మామూలే.

ముందు వైరింగ్ డ్రాయింగ్ చదవడం, మల్టీమీటర్ భయం లేకుండా పట్టుకోవడం రావాలి. తర్వాత ఒక్క బ్రాండు పీఎల్‌సీ గట్టిగా నేర్చుకోండి. ఒకటి వస్తే మిగతావి రెండు వారాల పని. పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ భాషల మీద ఐఈసీ 61131-3 ప్రమాణం 1993లో మొదట వచ్చినప్పటి నుంచి బ్రాండ్లన్నీ కొంతైనా ఒక దారిలోకి వచ్చాయి. ల్యాడర్, ఫంక్షన్ బ్లాక్, స్ట్రక్చర్డ్ టెక్స్ట్ ఈ మూడు భాషలూ వస్తే బండి నడుస్తుంది. ఇంట్లో పీఎల్‌సీ లేదని ఆగిపోనక్కర్లేదు. కోడెసిస్ అనే పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, సిమ్యులేషన్‌తో సహా. ఐపీ అడ్రస్, సబ్‌నెట్ అంటే ఏమిటో తెలియాలి. పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1979లో పుట్టిన మోడ్‌బస్ ఇప్పటికీ ప్రతి సైట్‌లో ఎక్కడో ఒకచోట కనబడుతుంది, దాన్నీ ఒకసారి చూసిపెట్టుకోండి.

ఎవరూ నేర్పని విద్య ఒకటుంది. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రామ్ చదవడం. ఉద్యోగంలో సగం అదే.

కోడింగ్ అంతగా రాదు. పనికొస్తానా?

వస్తారు. "పంపు ఎప్పుడు స్టార్ట్ కాకూడదు?" అనే ప్రశ్నకు తెల్లకాగితం మీద పూర్తి జవాబు రాయగలిగితే ల్యాడర్ దానంతటదే వస్తుంది.

ఫ్యాక్టరీల్లో ఇంకా అంత పాత సామాను ఉంటుందా?

ఉంటుంది. 1979లో వచ్చిన సీమెన్స్ ఎస్5 కుటుంబపు కంట్రోలర్లు పనిచేస్తున్న ప్యానెళ్ళు నేను తెరిచాను. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014లోనే సపోర్ట్ ఆపేసినా, ఆ కంప్యూటర్ మీద నడిచే స్క్రీన్లు ఇంకా ఉన్నాయి. ఎందుకు మార్చరంటే, అది నడుస్తోంది కాబట్టి. మార్చాలంటే ప్లాంటు ఆపాలి, ఆపితే ఉత్పత్తి పోతుంది.

అలాంటి చోటికి వెళ్తే మొదటి ప్రశ్న "బ్యాకప్ ఉందా?" అనే. చాలాసార్లు ఉండదు. పాత కంట్రోలర్ నుంచి ప్రోగ్రామ్ పైకి తీసుకుంటే లాజిక్ వస్తుంది, పేర్లూ కామెంట్లూ రావు, ఎందుకంటే అవి రాసినవాడి కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి. ఎం 12.3 అనే బిట్ ఏమిటో ప్రోగ్రామ్‌ని, మెషీన్‌ని పక్కపక్కన పెట్టుకుని కనిపెట్టాలి. నాకైతే ఇష్టమైన పనే, పోలీసు దర్యాప్తులా ఉంటుంది. కొత్తవి మాత్రమే నేర్చుకుంటాననేవాళ్ళకు నచ్చదు.

ఆపరేటర్లతో ఎలా మసలుకోవాలి?

వాళ్ళ పక్కన కూర్చోండి. మీరు మూడు నెలలుంటారు, వాళ్ళు మీ స్క్రీన్ ముందు పదేళ్ళుంటారు. ఆయన్ని ఆపరేటర్ అని కాకుండా పేరుకి "గారు" చేర్చి పిలవండి, మొదటి రోజే ప్లాంటు గుట్టు సగం చెప్పేస్తారు.

ఆఫీసులో కూర్చుని చేసే పెద్ద తప్పు అలారంలు. కనబడిన ప్రతిదానికీ ఒక అలారం పెట్టేస్తాం, పెట్టడానికి ఖర్చేం లేదు కదా అని. 1994 జులై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడు జరిగింది. దానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారంలు వచ్చాయని విచారణలో తేలింది. ఎవరు చదవగలరు? పది నిమిషాలకు ఒక అలారం దాకా అయితే ఒక మనిషి బాగానే చూసుకోగలడని ఈ రంగంలోని మార్గదర్శకాలు అంటాయి. అలారం పెట్టే ముందు "ఇది మోగితే ఆయన ఏం చేయాలి?" అని అడగండి. జవాబు లేకపోతే అది అలారం కాదు.

ఆటోమేషన్ వల్ల మనుషుల ఉద్యోగాలు పోతాయి కదా. మీకేమీ అనిపించదా?

అనిపిస్తుంది. ఒక మిక్సర్ దగ్గర పెద్దాయన ఒకరు, మిశ్రమం అయిందో లేదో మోటారు శబ్దం విని చెప్పేవారు. "బరువుగా మూలుగుతుంది" అన్నారు. ఆ మూలుగును మేం మోటారు కరెంటులో పట్టుకున్నాం. ఫలానా యాంపులు దాటితే చాలు, ఆగిపోతుంది. ఆయనే దగ్గరుండి ఆ అంకె సరిచేయించారు. తర్వాత అక్కడ ముగ్గురి బదులు ఒకరు చాలన్నారు. ఆయన ఉండిపోయారు. మిగతా ఇద్దరు ఎటు వెళ్ళారో నేను అడగలేదు. అడగాల్సింది.

అదే చేత్తో, యాసిడ్ ట్యాంకు మూత తెరిచి మట్టం చూసే పనిని తీసేశాను. దానికి ఎవరూ బాధపడలేదు. రెండూ ఇదే ఉద్యోగం.

హ్యాకింగ్ భయం మీకూ ఉందా?

2010లో స్టక్స్‌నెట్ అనే వైరస్ బయటపడినప్పటి నుంచి ఉంది. ఇరాన్‌లోని సెంట్రిఫ్యూజ్‌లను నడిపే సీమెన్స్ కంట్రోలర్లను అది లక్ష్యం చేసుకుంది. ఇంటర్నెట్‌తో సంబంధం లేని చోటికి కూడా పెన్‌డ్రైవ్ మీద వెళ్ళగలిగేది. 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో దాడి ఏకంగా సేఫ్టీ కంట్రోలర్ల మీదే జరిగింది. అక్కడ కంట్రోలర్ తాళాన్ని ప్రోగ్రామ్ స్థానంలో వదిలేయడం దాడిచేసినవాళ్ళకు కలిసొచ్చింది. కాబట్టి ప్రోగ్రామ్‌ని కంట్రోలర్‌లోకి ఎక్కించాక తాళాన్ని రన్‌కి తిప్పి, తాళంచెవి తీసి ఇచ్చేయండి. సొంత పెన్‌డ్రైవ్ సైట్‌లో గుచ్చకండి.

ఇంటికి ఎన్నాళ్ళకు వస్తారు?

ఇంటర్వ్యూలో మీరు అడగాల్సిన ప్రశ్న ఇదే, చాలామంది మొహమాటపడతారు. ఏడాదిలో ఎన్ని రోజులు సైట్, ఒకసారి వెళ్తే ఎన్ని వారాలు, ఆదివారం పనిచేస్తే బదులు సెలవు ఇస్తారా, ఒక్కరినే పంపుతారా ఇద్దరినా. "ప్రాజెక్టును బట్టి" అని దాటేస్తే, మిమ్మల్ని ఎక్కువగానే పంపుతారని అర్థం.

పండగ రోజుల్లో, వరుస సెలవుల్లో ప్లాంటు ఆపుతారు. ప్లాంటు ఆగినప్పుడే మాకు పని. అంటే ఊరంతా ఇంట్లో ఉన్నప్పుడు మేం ప్యానెల్ ముందు ఉంటాం. పెళ్ళయి పిల్లలు పుట్టాక చాలామంది ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌కో, టెక్నికల్ సపోర్ట్‌కో, సేల్స్‌కో మారతారు. దాన్ని ఓటమిగా చూడొద్దు. ఫంక్షనల్ సేఫ్టీ, ప్లాంటు నెట్‌వర్కుల భద్రత వైపు వెళ్ళినా సైట్ అనుభవం ఉన్నవాళ్ళకు గిరాకీ ఉంది.

అమ్మాయిలకు సరిపడే పనేనా?

పని సరిపడుతుంది. సైట్లే ఇంకా పూర్తిగా సరిపడవు. కొలతకు తగిన సేఫ్టీ షూస్, దగ్గర్లో శుభ్రమైన బాత్‌రూమ్, రాత్రి షిఫ్టు తర్వాత వాహనం. ఇవి అడగడం గొంతెమ్మ కోరిక కాదు, వెళ్ళకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. నేను చూసిన ఉత్తమ లూప్ చెక్ రికార్డులు మా జట్టులోని ఒకమ్మాయి రాసినవి.

ఏఐ వచ్చాక ఈ ఉద్యోగం ఉంటుందా?

ప్రోగ్రామ్ ముసాయిదా అది రాసిపెడుతుంది, కొంత రాస్తోంది కూడా. ప్లాస్టిక్ మీద బిగించిన స్క్రూని అది కనిపెట్టలేదు.

రేపు మొదటిసారి సైట్‌కి వెళ్తున్నాను. బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

మల్టీమీటర్, దానికి కొత్త బ్యాటరీ. చిన్న స్క్రూడ్రైవర్ రెండు, ఎందుకంటే ఒకటి ఎవరో తీసుకుంటారు. నెట్‌వర్క్ కేబుల్ పొడవుది, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్. ల్యాప్‌టాప్‌లో ఆ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో ఇవాళే చూసుకోండి, లైసెన్సు పనిచేస్తోందో లేదో కూడా. సైట్‌లో ఇంటర్నెట్ ఉంటుందని అనుకోకండి. డ్రాయింగ్‌లు, మాన్యువళ్ళు దించి పెట్టుకోండి. టార్చి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు. రూళ్ళ పుస్తకం ఒకటి, ఎర్ర పెన్ను ఒకటి. డ్రాయింగ్‌లో మార్చిన ప్రతిదీ అప్పటికప్పుడు ఎర్రగా గీయండి, సాయంత్రం గుర్తుండదు.

వెళ్ళగానే ఏదీ మార్చకముందు ఉన్న ప్రోగ్రామ్‌ని బ్యాకప్ తీసి, తేదీ వేసి భద్రపరచండి. ఆ తర్వాత ల్యాప్‌టాప్ మూసి, ప్లాంటు అంతా ఒకసారి కాలినడకన తిరిగి రండి.